వెలుగు కనబడింది, తర్వాత పోయింది: ధ్యానం మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ధ్యానం గురించే ఉన్నాయి. కొందరు నన్ను 'గురువుగారూ' అన్నారు. దయచేసి వద్దండీ. చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నవాణ్ణి, నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ణి, అంతే. తప్పులు మాత్రం బోలెడన్ని చేశాను కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో కొంచెం తెలుసు.

ప్రశ్న: రెండేళ్ళుగా రోజూ తెల్లవారుజామున నలభై నిమిషాలు ధ్యానం చేస్తున్నాను. ఏడాది కిందట కనుబొమల మధ్య నీలం రంగు వెలుగు కనబడటం మొదలైంది. కొన్నిసార్లు ఒళ్ళు ఉందన్న స్పృహ కూడా ఉండేది కాదు. ఆ ఆనందం మాటల్లో చెప్పలేను. ఆజ్ఞాచక్రం, అంటే కనుబొమల మధ్య ఉంటుందనే శక్తికేంద్రం, తెరుచుకుంటోందని మా స్నేహితురాలు అంది. మూడు నెలలుగా ఏమీ లేదు. చీకటి, ఆలోచనలు, నడుం నొప్పి. ఏదో పోగొట్టుకున్నట్టు ఏడుపొస్తోంది. నేనెక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. ముందు ఆ నీలం వెలుగు సంగతి చూద్దాం. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంటే, బయటి వెలుతురు లేనంత మాత్రాన కన్నూ మెదడూ ఊరికే ఉండవు. ఊదా రంగు, నీలం రంగు మబ్బుల్లాంటివి అవే పుట్టిస్తాయి. నిద్రపట్టే ముందు కూడా ఇవి వస్తాయి, కాకపోతే మనం పట్టించుకునేలోపే నిద్రలోకి జారిపోతాం. ధ్యానంలో నిద్రకీ మెలకువకీ మధ్య గట్టు మీద ఎక్కువసేపు నిలబడతాం కనుక తీరిగ్గా చూస్తాం. ఒళ్ళు తెలియకపోవడం కూడా అలాంటిదే. కదలని శరీరం నుంచి మెదడుకు కొత్త కబుర్లేవీ పెద్దగా అందవు, దాంతో మెల్లగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇదంతా చెప్పి మీ అనుభవాన్ని చిన్నబుచ్చాలని కాదు, మనసు కాస్త కుదిరిందనడానికి అదీ ఒక గుర్తే. కానీ చక్రం తెరుచుకోవడం, మూసుకోవడం దాకా వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు పోయిన సంగతి. యోగానికి మూలగ్రంథమైన పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, అంటే మొదటి అధ్యాయంలో, 30వ సూత్రం సాధనకు తొమ్మిది అడ్డంకులు చెబుతుంది. జబ్బు, మందకొడితనం, అనుమానం, అజాగ్రత్త, బద్ధకం, విషయాల మీద యావ, భ్రాంతి. ఈ ఏడూ ఎవరైనా ఊహించగలరు. నన్ను ఎప్పుడూ ఆపేవి చివరి రెండు. అలబ్ధభూమికత్వం, అంటే మెట్టు అందకపోవడం. అనవస్థితత్వం, అంటే అందిన మెట్టు మీద నిలవలేకపోవడం. మీ ఉత్తరం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది చూడండి. దానికి విడిగా ఒక పేరే పెట్టాల్సి వచ్చిందంటే ఎంతమంది ఇలా ఏడ్చి ఉండాలి!

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది కొంచెం చేదు. ఆ అనుభవం పోకుండా రోజూ వచ్చినా, దానితో పని అయిపోదు. సిద్ధార్థుడు ఇల్లు వదిలాక ఆలార కాలాముడి దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. 'ఏమీ లేదు' అనే స్థితి దాకా వెళ్ళి గురువుతో సమానమయ్యాడు, ఇద్దరం కలిసి శిష్యుల్ని చూసుకుందాం ఉండిపో అన్నాడాయన. ఉండలేదు. ఉద్దక రామపుత్రుడి దగ్గరికి వెళ్ళి ఇంకా పైస్థితి అందుకుని, అదీ వదిలేశాడు. మనకు నీలం మబ్బు వస్తేనే పండగ, ఆయన మనం ఊహించలేని చోటికి వెళ్ళి కూడా 'ఇది కాదు' అని లేచి వచ్చేశాడు. ఎందుకంటే లోపలికి వెళ్ళినంతసేపూ హాయి, బయటికి రాగానే పాత మనిషే.

రమణ మహర్షి చెప్పే ఒక కథ కూడా ఇక్కడే గుర్తొస్తుంది. గంగ ఒడ్డున ఒక యోగి శిష్యుణ్ణి మంచినీళ్ళు తెమ్మని, అతను వచ్చేలోపు సమాధిలోకి వెళ్ళిపోయాడట. కొన్ని వందల ఏళ్ళు గడిచాయి. కళ్ళు తెరిచిన యోగి నోట మొదటి మాట, 'నీళ్ళేవీ?' మనసు అణగడం వేరు, నశించడం వేరు అని మహర్షి మళ్ళీ మళ్ళీ చెప్పేది ఇందుకే. అణిగింది మళ్ళీ లేస్తుంది, అణిగేటప్పుడు ఏ కోరికతో ఉందో ఆ కోరికతోనే.

ఇక రేపు పొద్దున ఏం చేయాలి? కూర్చోగానే మీరు ఏం చేస్తున్నారో గమనించండి. నా అంచనా చెబుతాను. కళ్ళు మూసీ మూయగానే చూపు కనుబొమల మధ్యకి ఎక్కి వెతకడం మొదలుపెడుతుంది. నుదురు ముడిపడుతుంది. దవడ బిగుస్తుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. 'ఇవాళైనా వస్తుందా' అని. ఇది ధ్యానం కాదమ్మా, గేటు దగ్గర నిలబడి పోస్ట్‌మ్యాన్ కోసం చూడటం. నేను ఏడాదిన్నర నిలబడ్డాను, అందుకే ఇంత వివరంగా తెలుసు. నలభై నిమిషాలు వద్దు, కొన్నాళ్ళు పాతిక చాలు. చూపు కిందికి దించండి, దవడ వదులు చేయండి, పొట్ట దగ్గర ఊపిరి ఎలా ఆడుతోందో అది మాత్రం చూడండి. నడుం నొప్పి వస్తే కదలండి, పాపం లేదు.

చివరగా ఒక్క ప్రశ్న నేను అడుగుతాను. వెలుగు వచ్చింది, మీరు చూశారు. పోయింది, అదీ చూశారు. చీకటి, ఆలోచనలు, నడుం నొప్పి అని నాకు లిస్టు రాసి పంపారు. చూసే ఆ తెలివి మూడు నెలల్లో ఒక్క పూటైనా ఎక్కడికైనా పోయిందా? వెలుగున్న రోజుల్లో ఎంత ఉందో ఈ చీకటి రోజుల్లోనూ అంతే ఉంది. సాధనంతా వచ్చిపోయేదాని మీద నుంచి చూపు తిప్పి దీని మీదికి తేవడానికే. ఇది నేను చెబితే అర్థమయ్యేది కాదు, కూర్చున్నప్పుడు అడిగి చూసుకోండి.

ప్రశ్న: నాకు పద్మాసనం రాదు. ప్రయత్నించి మోకాలు పట్టేసింది, వారం రోజులు కుంటాను. వెన్ను నిటారుగా పద్మాసనంలో ఉంటేనే శక్తి పైకి వెళుతుందని క్లాసులో చెప్పారు. నాలాంటివాళ్ళకి ఇక దారి లేదా?

జవాబు: మోకాలితో ఆటలొద్దు సార్. పద్మాసనానికి తిరగాల్సింది మోకాలు కాదు, తుంటి కీలు. తుంటి తిరగనప్పుడు పాదాన్ని బలవంతంగా తొడ మీదికి లాగితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది, అక్కడి మెత్తటి మృదులాస్థి చిరిగితే వారం కాదు, ఏళ్ళు కుంటాలి.

యోగసూత్రాలు పాఠాన్ని బట్టి 195 లేదా 196. అందులో ఆసనం ఎలా ఉండాలో, దానివల్ల ఏమవుతుందో చెప్పేవి మూడంటే మూడు. మొదటిది 'స్థిరసుఖమాసనం', కదలకుండా హాయిగా ఉండేదే ఆసనం. రెండోది ప్రయత్నాన్ని సడలించమంటుంది. పద్మాసనం పేరు కూడా సూత్రంలో లేదు. హఠయోగ ప్రదీపిక లాంటి గ్రంథాలు ఆసనాల్ని వివరంగా చెబుతాయి, కానీ అది కూడా తొలి శ్లోకంలోనే హఠయోగం రాజయోగానికి, అంటే మనసును నిలిపే యోగానికి, ఎక్కే మెట్ల వరస అని ఒప్పుకుంటుంది. మెట్ల మీదే కాలు విరగ్గొట్టుకుంటే మేడ ఎవరెక్కుతారు?

కుర్చీలో కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, వెన్ను తనంతట తాను నిలబడాలి, కుదరకపోతే నడుం దగ్గర చిన్న దిండు పెట్టుకోండి. కింద కూర్చునేవాళ్ళకి ఒక మాట: కాలు తిమ్మిరెక్కడం శక్తి ప్రసారం కాదు, నరం నొక్కుకుపోవడం. కాళ్ళు చాపి, తిమ్మిరి వదిలాకే లేవండి. పడుకుని చేయొచ్చా అని ఇంకొకరు అడిగారు. గురక రానంతవరకు చేయొచ్చు.

ప్రశ్న: మావారికి యాభై రెండేళ్ళు. ఏడాది కిందట పది రోజుల మౌన శిబిరానికి వెళ్ళొచ్చారు. అప్పట్నుంచి పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు గది తలుపేసుకుంటారు. మా అబ్బాయి పరీక్ష తప్పి ఏడుస్తుంటే 'ఇదంతా మాయ' అన్నారు. నేను జ్వరంతో పడుకుంటే 'నేను సాక్షిని మాత్రమే' అన్నారు. గట్టిగా అడిగితే నేనే ఆయన సాధనకు అడ్డమట. నిజంగా నేను అడ్డమా అండీ?

జవాబు: కాదమ్మా. ఈ పేజీ ఆయన కంటపడేలా ఎక్కడైనా పెట్టండి, ఎందుకంటే జవాబు ఆయనకే రాస్తున్నాను.

అయ్యా, మీ పట్టుదల మెచ్చుకోవాల్సిందే, రోజుకి నాలుగు గంటలు కూర్చోవడం నావల్ల ఏనాడూ కాలేదు. కానీ సాక్షిగా ఉండటం అంటే ఏమిటనుకుంటున్నారు? జ్వరంతో ఉన్న భార్యకి మాత్ర, మంచినీళ్ళు ఇస్తూ, తడిగుడ్డ మారుస్తూ, ఆ ఇచ్చేటప్పుడు లోపల లేచే విసుగునీ చూడగలిగితే అది సాక్షి. ఇవ్వకుండా తప్పుకోవడానికి వాడితే దాన్ని సాక్షి అనరు, వేరే మాట ఉంది, పత్రికలో రాయను.

పతంజలి యోగానికి చెప్పిన అష్టాంగాల్లో, అంటే ఎనిమిది అంగాల్లో, ధ్యానం ఏడోది. మొదటిది యమం, అంటే ఇతరులతో ఎలా నడుచుకోవాలన్న కట్టుబాట్లు, అందులోనూ మొదటి మాట అహింస. ఏడో గదిలో కూర్చున్నాను కాబట్టి మొదటి గది తలుపు నాకు అక్కర్లేదంటే ఎలా? మనసు నిర్మలం కావడానికి పతంజలి నాలుగు చెబుతాడు. సుఖంగా ఉన్నవారితో స్నేహం, దుఃఖంలో ఉన్నవారి మీద కరుణ, పుణ్యాత్ముల్ని చూసి సంతోషం, చెడు చేసేవారి పట్ల ఉపేక్ష. ఇందులో ఉపేక్ష ఎవరికి కేటాయించాడో ఇంకోసారి చదవండి. పరీక్ష తప్పిన పిల్లాడికి కాదు. మీరు నాలుగో మందు తీసుకొచ్చి రెండో జబ్బుకి వేస్తున్నారు.

గీత ఆరో అధ్యాయం ధ్యానం గురించే కదా. ఎక్కడ కూర్చోవాలో, చూపు ఎక్కడ నిలపాలో అన్నీ చెప్పి, చివరికి పరమయోగి అని కృష్ణుడు ఎవర్ని అన్నాడు? ఎదుటివాడి సుఖాన్నీ దుఃఖాన్నీ తనదానిలా చూసేవాణ్ణి. మాయ అనే మాట మీ అబ్బాయి దుఃఖానికి వాడారు, బావుంది. మీ ధ్యానంలో కలిగే ప్రశాంతతకి కూడా వాడి చూశారా? అది కూడా ఆ కోవలోదే మరి.

ఇక అమ్మా, మీకు. పోట్లాడి ధ్యానం మాన్పించకండి, మానరు. పొద్దున ఒక గంట ఆయనది, ఆ టైములో ఎవరూ తలుపు తట్టరు, రాత్రి మాత్రం ఇంటిది అని ఒప్పందం చేసుకోండి. ఇంకో విషయం జాగ్రత్తగా చూడండి. నిద్ర బాగా తగ్గిపోయిందా? తిండి మానేస్తున్నారా? ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోందంటున్నారా? తనకేదో ప్రత్యేకమైన పని అప్పగించారని, లేదా ఈ లోకం నిజం కానట్టుందని భయపడుతున్నారా? ఎక్కువ గంటల ధ్యానం, మౌన శిబిరాలు కొందరిలో ఇలాంటివి రేపుతాయి, ఇంతకుముందు మానసిక సమస్యలు ఉన్నవారిలో ముఖ్యంగా. అలాంటిది ఒక్కటి కనబడినా వేదాంత చర్చ పక్కనపెట్టి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ధ్యానం కొన్నాళ్ళు ఆపితే మోక్షం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: హాయ్ సార్. రోజుకి పదిహేను నిమిషాల చొప్పున నా మెడిటేషన్ యాప్‌లో 212 రోజుల స్ట్రీక్ ఉంది. ఓసారి పెళ్ళిలో కుదరక రాత్రి 11:50కి బాత్రూమ్‌లో కూర్చుని పూర్తిచేశా. స్ట్రీక్ పోతుందని ఒకటే టెన్షన్. ఎన్‌లైటెన్‌మెంట్‌కి ఇంకా ఎన్నాళ్ళు పట్టొచ్చు?

జవాబు: బాబూ, బాత్రూమ్ సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను, కోప్పడకు. 212 పదిహేన్లు 3,180 నిమిషాలు, అంటే 53 గంటలు. వీణ మీద 53 గంటలు కూర్చున్నవాడు సరళీ స్వరాలు దాటి ఎంత దూరం పోతాడు చెప్పు?

వీణ అంటే గుర్తొచ్చింది. బుద్ధుడి శిష్యుల్లో సోణుడని ఒకడు, సుకుమారంగా పెరిగినవాడు. అరికాళ్ళు నెత్తురోడేదాకా నడుస్తూ ధ్యానం చేశాడు. ఫలితం రాలేదని ఇంటికి పోదామనుకుంటుంటే బుద్ధుడు వచ్చి, నువ్వు ఇంట్లో వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా అని అడిగాడు. లేదన్నాడు. మరీ వదులు చేస్తే? అదీ లేదు. నీ తీగ ఎక్కడ బిగుసుకుందో నీ ఉత్తరంలోనే ఉంది, 'ఒకటే టెన్షన్' అని నువ్వే రాశావు.

సాధన గట్టిపడాలంటే పతంజలి మూడు షరతులు పెట్టాడు. చాలాకాలం చేయాలి, మధ్యలో తెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. యాప్ లెక్కపెట్టేది రెండోదాన్ని ఒక్కదాన్నే. మొదటిదానికి నీకు ఇంకా వయసుంది. మూడోది బాత్రూమ్‌లో 11:50కి ఎంత ఉందో నీకే తెలియాలి. నా సలహా వింటావా? ఒకరోజు కావాలని మానెయ్. ఆ సున్నా చూసి లోపల ఏం జరుగుతుందో, కడుపులో ఎక్కడ పట్టేస్తుందో, ఎవరి మీద చిరాకొస్తుందో చూడు. ఆ 212 రోజుల్లో దొరకని పాఠం ఆ ఒక్క రోజులో దొరకొచ్చు. ఎన్నాళ్ళు పడుతుందన్నదానికి ఎవరైనా తేదీ చెబితే మాత్రం అక్కణ్ణుంచి పారిపో. మూడు రోజుల్లో కుండలిని లేపుతాం, ఇంట్లో చెప్పొద్దు, డబ్బు ముందే కట్టాలి అనేవాళ్ళ దగ్గర్నుంచి ఇంకా వేగంగా.

ప్రశ్న: మంత్రజపం చేయాలా, శ్వాస మీద ధ్యాసా, 'నేనెవరు' విచారణా? ఒక్కొక్కరు ఒక్కోటి గొప్పదంటున్నారు. మూడూ కొన్నాళ్ళు చేసి వదిలేశాను.

జవాబు: మూడు చోట్ల మూడేసి అడుగులు తవ్వి నీళ్ళు పడలేదంటున్నారు. ఏదో ఒకటి ఎంచుకుని కనీసం ఏడాది కదలకండి. ఏది అనేది మీ స్వభావాన్ని బట్టి. మాట మీద మనసు నిలిచేవారికి మంత్రం, ఒంట్లో కలతగా ఉండేవారికి శ్వాస. ఊపిరి బయటికి వదలడం నెమ్మదిస్తే గుండె వేగం కూడా తగ్గుతుంది, అందుకే ఊపిరి పట్టు దొరికితే మనసు పట్టు దొరుకుతుందంటారు. ప్రశ్నలు వేసే బుద్ధి ఉన్నవారికి విచారణ.

అయినా ఇవి మీరనుకున్నంత వేరు కాదు. కావ్యకంఠ గణపతిముని మన తెలుగువాడే, కలువరాయిలో పుట్టాడు. మంత్రజపంలో ఆయనకున్నంత అనుభవం ఎవరికుంది? అంతటివాడు 1907 నవంబరులో అరుణాచలం కొండెక్కి, ఒక గుహలో ఉన్న యువకుడి ముందు సాగిలపడి, చదవాల్సినవన్నీ చదివాను, జపాలూ చేశాను, తపస్సంటే ఏమిటో ఇంకా తెలియలేదు, చెప్పమని అడిగాడు. ఇద్దరికీ అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండలేదు. ఆ యువకుడు కాసేపు ఊరికే చూసి రెండే మాటలు చెప్పాడు. 'నేను' అనే తలపు ఎక్కణ్ణుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడ అణుగుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తుంటే ఆ శబ్దం ఎక్కణ్ణుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడ అణుగుతుంది, అదే తపస్సు. గణపతిమునిని మంత్రం మానమనలేదు చూశారా. ఆ యువకుణ్ణి రమణ మహర్షి అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఈయనే.

ప్రశ్న: నేను నాస్తికుణ్ణి. దేవుడు, పునర్జన్మ నమ్మను. యోగా, ధ్యానం జ్ఞానోదయానికి దారి అంటారు, నాలాంటివాడికి పనికొస్తాయా? ఇంతకీ మీకు జ్ఞానోదయం అయిందా? డొంకతిరుగుడు లేకుండా చెప్పండి.

జవాబు: పనికొస్తాయి. యోగసూత్రాల్లో ఈశ్వరుణ్ణి పట్టుకుంటే సమాధి దొరుకుతుందని చెప్పే చోట 'ఈశ్వరప్రణిధానాద్వా' అని ఉంటుంది. చివర ఆ 'వా' ఉంది చూడండి, 'లేదా' అని అర్థం. అది ఒక మార్గం, అదొక్కటే కాదు. బుద్ధుడైతే సృష్టికర్త ఊసే లేకుండా మొత్తం దారి వేశాడు. చేరాక ఏముంటుందనే దగ్గర మాత్రం వీళ్ళకి కుదరదు. పురుషుడు, అంటే చూసే చైతన్యం, ప్రకృతి నుంచి విడివడతాడని పతంజలి, రెండోదే లేదని అద్వైతులు, అసలు 'నేను' అని పట్టుకోదగ్గదే లేదని బౌద్ధులు. అసలు దారి అనే మాటే తప్పన్నవారూ ఉన్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేస్తూ సత్యానికి దారులు లేవన్నారు. ఈ తగాదా మనం తీర్చలేం, తీరేదాకా ఆగక్కర్లేదు కూడా. కూర్చుని, ఒక కోపం ఎక్కడ మొదలై ఎలా పెరిగి ఎలా పోతుందో చూడటానికి ఏ నమ్మకమూ అడ్డు కాదు, ఏ నమ్మకమూ అవసరమూ లేదు.

ఇక రెండో ప్రశ్న. అవలేదండీ. ఇవాళ పొద్దున అరగంట కూర్చున్నాను. అందులో ఇరవై నిమిషాలు మీ ఉత్తరానికి ఏం జవాబు రాయాలా అని ఆలోచించాను. అక్కడ తట్టిన జవాబు దీనికంటే చాలా బావుంది, లేచేసరికి మర్చిపోయాను.